రెజిన్ నగలకు మెరుగు: వాటర్ పేపరా, బఫింగ్ చక్రమా, పైపూతా?

రెజిన్ అంటే అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్. అచ్చులోంచి తీసిన రెజిన్ చేతిగాజును ఒకసారి వేలితో చుట్టూ తడిమి చూస్తే, పని ఎక్కడ మిగిలి ఉందో తెలిసిపోతుంది. సిలికాన్ అచ్చు తన లోపలి నునుపునైనా గరుకునైనా ఉన్నదున్నట్టు రెజిన్‌కు అప్పగిస్తుంది కనుక, అచ్చు గోడకు ఆనుకొని గట్టిపడిన వైపు సాధారణంగా అద్దంలాగానే ఉంటుంది. గాలి తగిలిన వైపు మాత్రం ద్రవం గోడల వెంట కాస్త పైకి పాకి, అక్కడే గట్టిపడి, చర్మాన్ని గీరే పలుచని అంచుగా మిగిలిపోతుంది. ఆ అంచును తీయకా తప్పదు, తీసిన చోట రెజిన్ తెల్లగా మసకబారకా తప్పదు. ఆ మసకను మళ్లీ మెరుపుగా మార్చే దారులలో ఏది ఏ నగకు తగినదో, గోదావరి డెల్టా గాలికి ఏది నిలుస్తుందో పోల్చి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దారులు ప్రధానంగా నాలుగు. వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితంతో) చేత్తో అరగదీసి పాలిష్ పెట్టడం మొదటిది. చిన్న రోటరీ యంత్రానికి నూలు చక్రమో ఫెల్ట్ చక్రమో బిగించి బఫింగ్ చేయడం రెండోది. అరగదీసిన ముఖం మీద మళ్లీ పలుచగా రెజిన్ పోయడం మూడోది. స్ప్రే వార్నిష్ కొట్టడం నాలుగోది. అయిదో దారిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మసకను మసకగానే, అయితే అంతటా ఒకే తీరుగా ఉండేటట్టు వదిలేయడం అది. వీటిలో ఏది ఎక్కువ మెరుస్తుందన్న ప్రశ్నతో మొదలుపెట్టినవారు సాధారణంగా దారి తప్పుతారని నా అభిప్రాయం, ఎందుకంటే మొదటి మూడూ శ్రద్ధగా చేస్తే చివరికి వచ్చే మెరుపులో తేడా చాలా స్వల్పం. నగ ఆకారం ఎటువంటిది, లోపల పొదిగిన వస్తువు అంచు దగ్గర బయటపడుతుందా, ఈ రోజు గాలిలో తేమ ఎంత ఉంది అన్న మూడు ప్రశ్నలే ఎంపికను నిర్ణయిస్తాయి.

ఏ దారి పట్టినా రెజిన్ పూర్తిగా గట్టిపడకముందే మొదలుపెట్టకూడదు. రెండు భాగాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ రెజిన్ 24 గంటల్లో చేతికి అంటకుండా ఆరినా, లోపలి గట్టిదనం రావడానికి సాధారణంగా 72 గంటలు పడుతుంది. కొన్ని రకాలకు వారం కావాలి. వెనుకవైపు గోటితో నొక్కినప్పుడు నొక్కు పడితే ఇంకా ఆగాలి. సగం ఆరిన రెజిన్ పొడిగా రాలదు, జిగురుగా సాగి కాగితానికి పట్టుకుంటుంది. పైగా పూర్తిగా ఆరని రెజిన్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ స్థిరపడిపోయే ప్రమాదం ఉంది.

మా కోనసీమలో దీనికి తోడు ఇంకొక చిక్కు ఉంది. ఎపాక్సీని గట్టిపరచడానికి కలిపే రెండో భాగం, అంటే హార్డెనర్, చాలావరకు అమైన్ జాతికి చెందినది. తేమ ఎక్కువగా ఉన్న రోజున అది గాలిలోని నీటి ఆవిరితోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసి, పైముఖం మీద మైనం పూసినట్టు కంటికి సరిగా కనిపించని పొరను ఏర్పరుస్తుంది. ఈ పని మొదలుపెట్టిన మొదటి శ్రావణంలో, వరలక్ష్మీవ్రతానికి అడిగిన గాజులను అరగదీస్తుంటే, కాగితం రెండు నిమిషాలకే నున్నగా పూడుకుపోయి రాయడం మానేసింది. నాసిరకం కాగితం అంటగట్టాడని దుకాణదారుని మనసులోనే తిట్టుకొని, వేరే చోట ఇంకొక డజను కొని తెచ్చాను, అవీ అంతే. తప్పు కాగితానిది కాదు, ఆ మైనపు పొరది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి, మెత్తని పీచుతో గాజును కడిగితే ఆ పొర ఇట్టే పోతుంది, ఎందుకంటే అది నీటిలో కరిగేదే. కడగకుండా అరగదీస్తే అది రెజిన్ గీతల్లోకి కూరుకుపోయి, తరువాత పోసే పూత కూడా పట్టదు. అప్పటినుంచి జూన్ మొదలు డిసెంబరు దాకా, అంటే నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ దాటేదాకా, నగను కడగనిదే కాగితం ముట్టను.

ఇక మొదటి దారి విషయం. చేతిపనికి కావలసింది సిలికాన్ కార్బైడ్ పూసిన నల్లని జలనిరోధక కాగితం. కార్ల పెయింట్లు అమ్మే దుకాణంలో వాటర్ పేపర్ అని అడిగితే నంబరు ప్రకారం ఇస్తారు. ఆ నంబరు దగ్గరే పొరపాటు జరుగుతుంది. కాగితం వెనుక నంబరు ముందు పి అన్న అక్షరం ఉంటే అది ఐరోపా కొలత. లేకపోతే అది పాత అమెరికా కొలత కావచ్చు. పి 400లో రేణువు సగటున 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పి 800లో సుమారు 22, పి 1200లో సుమారు 15, పి 2000లో సుమారు 10. అమెరికా కొలతలోని 600 రేణువు దాదాపు 16 మైక్రాన్లు, అంటే ఇంచుమించు పి 1200తో సమానం. రెండు కొలతల కాగితాలను కలగలిపి వాడినవారికి, 800 తరువాత 600 వాడినా మెరుపు పెరిగినట్టు కనిపించడంలోని మర్మం ఇదే. మైక్రోమెష్ వంటి మెత్తల మీద ఉండే 1500 నుంచి 12000 వరకు అంకెలు మళ్లీ వేరే కొలత. అక్కడి 1500 మన వాటర్ పేపర్ 1500 కంటే చాలా గరుకు.

అంచు బాగా లేచి ఉంటే ముందు ఆకురాయితోనో 220 కాగితంతోనో దాన్ని దించాలి. లేకపోతే 400తో మొదలుపెట్టడమే మేలు. లోపాన్ని తీయగలిగిన వాటిలో అన్నింటికంటే మెత్తని కాగితం ఏదో దానితోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే గరుకు కాగితం వేసిన ప్రతి గీతనూ తరువాత మనమే తీయాలి. 400, 600, 800, 1000, 1500, 2000 అన్న వరుసలో ఒక్క మెట్టు కూడా దాటవేయకూడదు. ఒక కాగితంతో నిలువుగా రుద్దితే తరువాతి కాగితంతో అడ్డంగా రుద్దాలి; అప్పుడు పాత గీతలు ఎక్కడ మిగిలాయో ఎదురుగీతల్లా స్పష్టంగా కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు. తడిగా ఉన్నంతసేపు 600 తరువాత కూడా నగ అద్దంలా మెరుస్తుంది, గీతలను నీరు నింపేస్తుంది కనుక. గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ట్యూబులైటు ప్రతిబింబం నగ మీద పడేటట్టు పట్టుకొని చూడాలి. ఆ వెలుగులో పాత కాగితం గీతలు ఒక్కటీ కనిపించకుండా పోయేదాకా తరువాతి మెట్టు ఎక్కకూడదు. 2000 తరువాత కార్ల రబ్బింగ్ కాంపౌండో ప్లాస్టిక్ పాలిషో కాస్త తీసుకొని, పాత నూలు బనియను ముక్కతో చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దితే మెరుగు వస్తుంది. ఒక గాజుకు నాకు గంటన్నర పడుతుంది, జత అంటే ఒక పూట పోయినట్టే.

నీటి విషయంలో కూడా మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. అది ఆరిన చోట తెల్లని మచ్చలు మిగిలి, అవి గీతలో మచ్చలో తెలియక పనివాడు తికమకపడతాడు. పంట కాలువ నీటిలో ఉండే సన్నని ఇసుక రేణువు ఒక్కటి 2000 కాగితం కింద చేరితే గంట పనిని ఒక్క రుద్దుతో పాడు చేస్తుంది. 800 దాకా ఏ శుభ్రమైన నీరైనా సరిపోతుంది, ఆ తరువాత మాత్రం తాగడానికి తెచ్చుకునే క్యాను నీటినే చిన్న గిన్నెలో పోసుకొని, కాగితం మార్చినప్పుడల్లా నీటినీ మార్చడం మంచిది. ఆ గిన్నెలో దిగే పాలలాంటి తెల్లని నీరు ప్లాస్టిక్ పొడే కనుక దాన్ని కాలువలోకి ఒంపకూడదు. రాత్రంతా కదపకుండా ఉంచి, పైనీటిని పాత గుడ్డలో వడగట్టి, అడుగు మడ్డిని ఆరబెట్టి పొడి చెత్తలో వేయాలి. తడిపి రుద్దడం వల్ల ఆ పొడి గాలిలోకి లేవదన్నదే ఈ దారికి ఉన్న అన్నింటికంటే పెద్ద గుణమని నేను అనుకుంటాను. పొడిగా రుద్దవలసి వస్తే ఎన్95 మాస్కు తప్పనిసరి. దస్తీ కట్టుకోవడం చాలదు.

రోటరీ యంత్రం సమయాన్ని బాగా ఆదా చేస్తుంది, కానీ అది కాగితం పనికి ప్రత్యామ్నాయం కాదని ముందే తెలుసుకోవాలి. చక్రం 1500, 2000 దాటిన ముఖానికి మెరుపు తేగలదే తప్ప 400 గీతలను తీయలేదు. తీయాలని గట్టిగా ఒత్తితే వేడి పుడుతుంది. నగలకు వాడే మామూలు ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి. ఈ యంత్రాల గరిష్ఠ వేగం నిమిషానికి 30 వేల చుట్లు దాటుతుంది కనుక, అన్నింటికంటే తక్కువ వేగంలో, సుమారు 5 వేల దగ్గర ఉంచి, చక్రాన్ని ఆనించీ ఆనించనట్టు కదుపుతూ పోవాలి. నగను ఒట్టి వేళ్లతో పట్టుకోవాలి; వేళ్లకు వేడి తగిలిందంటే ఆపాలని అర్థం. తిరిగే చక్రం దగ్గర చేతొడుగులు వేసుకోవడం ప్రమాదం కూడా, అవి చుట్టుకుపోతాయి. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోవాలి. రోహిణి కార్తెలో గదే కాలిపోతున్నప్పుడు నేను ఈ యంత్రాన్ని తెల్లవారుజామున తప్ప ముట్టను. వేలెడు పొడవు లేని జుంకాలకు, గాజు లోపలి వంపుకు, ఉంగరం లోపలికి చెయ్యి సరిగా పోదు కనుక అక్కడ యంత్రం కొన్నందుకు ఫలితం దక్కుతుంది. నెలకు నాలుగైదు లాకెట్లు చేసేవారు దాన్ని కొనవలసిన అవసరం నాకు కనిపించదు.

మెరుపుకు వాడే రబ్బింగ్ కాంపౌండు రంగు కూడా చూసుకోవాలి. బుడగ పగిలిన చోట సూదిమొనంత గుంట ఉంటే, ముదురు రంగు నగలో తెల్లని కాంపౌండూ, లేతరంగు నగలో గోధుమరంగు కాంపౌండూ అందులో దూరి చుక్కలా నిలిచిపోతాయి. అటువంటి గుంటలను చివరి కాగితాలకు ముందే ఒక్కొక్క చుక్క, అతినీలలోహిత కాంతికి గట్టిపడే యూవీ రెజిన్‌తో పూడ్చుకోవాలి.

మూడో దారి, అంటే పైపూత, లాకెట్లకూ చదునైన కమ్మలకూ అన్నింటికంటే తగినది. అరగదీసిన గీతల్లోకి అదే పదార్థం నిండుకోవడంతో కాంతి అక్కడ చెదరడం మానేస్తుంది, ఆ గీతలు ఉన్నట్టే తెలియదు. అందుకే 320 లేదా 400 దగ్గరే ఆగిపోవచ్చు. నిజానికి ఆగిపోవాలి కూడా, ఎందుకంటే ఆ గరుకే కొత్త పొరకు పట్టు. అయితే పైపూత వేద్దామనుకున్న నగకు అంచును గుండ్రంగా అరగదీయకూడదు. ద్రవం తలతన్యత వల్ల పదునైన అంచు దగ్గర ఆగి గుమ్మటంలా నిలుస్తుంది, గుండ్రటి అంచు మీద ఆగక జారి వెనుకకు కారిపోతుంది. ఈ ఒక్క కారణం వల్లనే గాజులకు పైపూత పనికిరాదు; ఎటు తిప్పినా ఎక్కడో ఒకచోట బొట్టు కట్టి గట్టిపడుతుంది, మళ్లీ ఆకురాయి తీయాలి.

పైపూతకు ఎపాక్సీ మంచిదా, యూవీ రెజినా అని అడిగితే నా సమాధానం ఎన్ని నగలున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. 25 మిల్లీమీటర్ల లాకెట్ మీద ఒక మిల్లీమీటరు పూతకు అర మిల్లీలీటరు రెజిన్ చాలు. అంత కొంచెం ఎపాక్సీలో రెండు భాగాలను సరిగా కొలవడం కుదరదు, కొలత తప్పితే నగ ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. కాబట్టి పదిహేను, ఇరవై లాకెట్లు పోగైన తరువాతే ఎపాక్సీ కలపాలి. ఒకటి రెండు నగలకైతే యూవీ రెజిన్ సుఖం: కలపడం లేదు, కొన్ని నిమిషాలలో గట్టిపడుతుంది, కరెంటు పోయినా ఎండలో పెట్టవచ్చు. గాలిలోని ఆక్సిజన్ వల్ల పైన మిగిలే జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి. ఎపాక్సీకి మాత్రం రోజంతా దుమ్ము పడని చోటు, 22 నుంచి 27 డిగ్రీల గది, తేమ లేని గాలి కావాలి. మా దగ్గర ఆ గాలి సంక్రాంతి తరువాత ఉగాది వరకు దొరుకుతుంది; అప్పుడు కూడా ఉదయం మంచు పూర్తిగా విడిపోయి, పదకొండు దాటాకే పోయాలి. తేమ చూపే చిన్న మీటరు ఒకటి గోడకు తగిలించుకొని, ముల్లు 75 శాతం దాటిన రోజున పోయకూడదని నేను నియమం పెట్టుకున్నాను.

స్ప్రే వార్నిష్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. గోడకు వేలాడదీసే వస్తువుకు అది చాలు. చెమట, కొబ్బరినూనె, శానిటైజరు, అంట్లు తోమే సబ్బు రోజూ తగిలే గాజుకు అది కొన్ని వారాల్లోనే అంచుల దగ్గర లేస్తుంది. కొన్ని రకాలు రెజిన్ మీద పూర్తిగా ఆరక వేలిముద్రలు పట్టుకుంటాయి కూడా. రంగులేని గోళ్ల పాలిష్ పూసే చిట్కాకూ ఇదే జవాబు.

ఇంక లోపలి వస్తువు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చాక, ఆ అల్లిక పువ్వులను రెజిన్‌లో పొదిగి ఇమ్మని అడిగేవారు పెరిగారు. అది నూలు దారం, నీటిని పీల్చే గుణం దానిది. అంచు అరగదీసేటప్పుడు ఒక్క పోగు తెగి బయటపడిందంటే, కాగితం కింది బూడిదరంగు నీరు ఆ పోగు వెంట లోపలికి పాకుతుంది. నేను చేసిన ఒక తెల్లని లేసు లాకెట్‌లో అలా వెంట్రుకంత బూడిద గీత పువ్వు మధ్యదాకా వెళ్లి ఆగింది. ఏం చేసినా అది రాలేదు. లేసు నగకు అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు ఎడం వదిలి పోసుకోవడం, అంచును వీలైనంత తక్కువగా తాకడం, తరువాత పైపూత వేయడం ఉత్తమం. పోగు బయటపడి ఉంటే తడి కాగితం జోలికి పోకుండా, ముందు ఆ చోటును యూవీ రెజిన్ చుక్కతో మూసుకోవాలి.

కొబ్బరి చిప్ప ముక్కలు పొదిగిన నగ దీనికి పూర్తిగా వ్యతిరేకం. చిప్పా రెజినూ ఒకే వేగంతో అరగవు కనుక, కాగితాన్ని వేలితో ఒత్తి రుద్దితే రెంటి మధ్య మెట్టు ఏర్పడి గోటికి తగులుతుంది. కాగితాన్ని చదునైన చెక్కకు చుట్టి రుద్దితే ఆ మెట్టు రాదు. చిప్ప సూక్ష్మరంధ్రాలలోకి తెల్లని కాంపౌండు దూరి పాతబడిన సున్నంలా కనిపిస్తుంది, కాబట్టి దానికి 2000 దగ్గర ఆపి పొడి గుడ్డతో రుద్దడమే నాకు నచ్చిన మెరుగు. నూనె రాసి నిగారింపు తెచ్చే అలవాటు ఉన్నవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: నూనె పట్టిన చిప్ప మీద రెజిన్ సరిగా పట్టదు. కడియం నర్సరీల పువ్వులతో చేసే కడియాలకు, మాటవరసకు అలా అంటున్నాను గానీ వాటినే ఎక్కువమంది అడుగుతారు, చేతిపని తప్ప వేరే దారి లేదు. యంత్రపు వేడికి రేకుల రంగు మారుతుంది, గాజు ఆకారానికి పైపూత నిలవదు.

మసకగా వదిలే దారికి 800 దగ్గర ఆగి, అన్ని వైపులా ఒకే దిశలో గీతలు పోయేటట్టు చివరిసారి రుద్దితే చాలు. ముదురు రంగు నగలకు అది హుందాగా ఉంటుంది, రోజువారీ గీతలు దాని మీద తెలియవు, పని మూడో వంతుకు తగ్గుతుంది.

కొనేవారు అడగకపోయినా చేసేవారు ముందే ఆలోచించవలసినది మరమ్మతు. చేత్తో మెరుగుపెట్టిన గాజు ఏడాది తరువాత మసకబారి తిరిగి వస్తే, 1500 నుంచి మొదలుపెట్టి ఒక పావుగంటలో పంపేయవచ్చు. పైపూత వేసిన లాకెట్ కూడా, పూత ఒక మిల్లీమీటరైనా ఉంటే, అంతే సులువు. అదీ రెజినే కదా. స్ప్రే వార్నిష్ కొట్టినది వస్తే మొత్తం పూతను ఒలిచి 400 నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. మసక నగలు మాత్రం మా ఊళ్లలో గీతలతో కాదు, పసుపుతో తిరిగి వస్తాయి. వ్రతాల నెలలో చేతుల పసుపు ఆ సన్నని గీతల్లోకి చేరితే సబ్బుకు వదలదు. అలాంటివాటిని నేను తడి గుడ్డతో తుడిచి, డాబా మీద ఒక్క రోజు పొద్దుటి ఎండలో పెడతాను. పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. అంతకంటే ఎక్కువ రోజులు ఉంచితే రెజినే పసుపుపచ్చగా మారడం మొదలవుతుంది కనుక, మర్నాటికీ మరక మిగిలితే 800 కాగితం తీయడమే.